లండన్ నుంచి సిడ్నీకి ఏ దారిలో వెళ్తే మేలు?

లండన్ హీత్రో నుంచి సిడ్నీకి విమాన దూరం సుమారు 17,020 కిలోమీటర్లు. భూమి మీద ఏ రెండు చోట్లు తీసుకున్నా వాటి మధ్య దూరం 20,000 కిలోమీటర్ల చిల్లర దాటదు. అంతకు మించి ముందుకు పోతే అవతలి వైపు నుంచి మళ్లీ దగ్గరవుతూ ఉంటాం. అంటే మనిషి వెళ్లగలిగే అతి పెద్ద దూరంలో ఇది 85 శాతం. అందుకే ఈ వ్యాసం రాసే నాటికి ఈ రెండు ఊళ్ల మధ్య ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానానికి టికెట్ దొరకదు. ఎవరైనా సరే మధ్యలో ఒక్కచోటైనా దిగాల్సిందే.

ఎక్కడ దిగాలన్నదే అసలు ప్రశ్న. సింగపూర్, దుబాయ్, దోహా, హాంకాంగ్, చైనా నగరాలు, పెర్త్, ఆఖరికి లాస్ ఏంజెలెస్ కూడా వరసలో ఉంటాయి. టికెట్ వెతికితే డజన్ల కొద్దీ ఆప్షన్లు వస్తాయి. 22 గంటలది ఒకటి, 31 గంటలది ఒకటి, వాటి మధ్యలో ఇంకెన్నో. చాలామంది ధర చూసి కొనేస్తారు. కొంచెం ఓపిక ఉన్నవాళ్లు ఏ దారి దగ్గరో చూస్తారు. నేను కూడా మొదట్లో కిలోమీటర్లే లెక్కపెట్టేవాణ్ణి. అది దండగ పని అని తర్వాత తెలిసింది. ఎందుకో ఈ లెక్క చూడండి.

సింగపూర్ మీదుగా వెళ్తే రెండు విమానాలూ కలిపి సుమారు 17,180 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా 17,540. దోహా మీదుగా 17,600 పైచిలుకు. పెర్త్ మీదుగా 17,780. విమానం గంటకు దాదాపు 900 కిలోమీటర్లు పోతుంది. కాబట్టి వీటిలో అన్నిటికంటే చుట్టుదారి అనిపించే పెర్త్ కూడా నేరు దూరం కంటే 760 కిలోమీటర్లే ఎక్కువ. గాల్లో అది గంట కూడా కాదు. అదే నేల మీద సంగతి చూస్తే, ట్రాన్సిట్‌లో ఒకరు గంటన్నర ఉంటారు, ఇంకొకరు తొమ్మిది గంటలు కూర్చుంటారు. ఆకాశంలో తేడా నిమిషాల్లో ఉంటే విమానాశ్రయంలో తేడా పూటల్లో ఉంటుంది. టికెట్ ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఆ కుర్చీల దగ్గర గడిచే కాలాన్నే.

ఇక్కడ హాంకాంగ్ గురించి ఒక తమాషా చెప్పాలి. గోడకు తగిలించే మ్యాపు మీద లండన్ నుంచి సిడ్నీకి స్కేలు పెట్టి గీత గీస్తే అది పశ్చిమాసియా, భారతదేశం మీదుగా పోయినట్టు కనిపిస్తుంది. గ్లోబు తీసుకుని రెండు ఊళ్లకీ దారం బిగించి పట్టుకుంటే మాత్రం అది రష్యా, చైనాల మీదుగా పోయి హాంకాంగ్ పక్కనుంచి దిగుతుంది. లండన్ నుంచి హాంకాంగ్‌కి 9,640, అక్కడి నుంచి సిడ్నీకి 7,390 కిలోమీటర్లు. కలిపితే 17,030. అంటే హాంకాంగ్ దాదాపు నేరు దారి మీదే ఉన్న ఊరు. ఇంతకంటే చెప్పుకోదగ్గంత దగ్గర దారి లేదు.

కానీ అది కాగితం మీది మాట. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పటి నుంచి బ్రిటన్ విమానాలకు రష్యా తన గగనతలాన్ని మూసేసింది. పన్నెండు గంటల లోపు అయిపోయే లండన్–హాంకాంగ్ ప్రయాణం దక్షిణంగా చుట్టుకుని పోవాల్సి వచ్చేసరికి సుమారు రెండు గంటలు పెరిగింది. చైనా సంస్థల విమానాలు మాత్రం ఇప్పటికీ రష్యా మీదుగానే ఎగురుతున్నాయి. గ్వాంగ్‌జౌ, షాంఘై మీదుగా వెళ్లే టికెట్లు కొన్నిసార్లు తక్కువ గంటలు చూపించడానికి ఇదొక కారణం. రష్యా మీదుగా ఎగరడం ఇష్టం లేనివాళ్లు కొనేముందే ఈ సంగతి గమనించుకోవాలి.

అయితే దారుల మధ్య అసలు తేడా ఏమిటి? ప్రయాణం ఎక్కడ రెండు ముక్కలవుతుందన్నది. సింగపూర్ దారిలో మొదటి ముక్క 13 గంటలు, రెండోది ఎనిమిది గంటల లోపు. దుబాయ్ దారిలో అది తిరగబడుతుంది, మొదట ఏడు గంటలు, తర్వాత 14. పెర్త్ దారిలో ఒకే బిగిన దాదాపు 17 గంటలు, తర్వాత నాలుగు గంటల దేశీయ విమానం. మొత్తం గాల్లో ఉండేది మూడిట్లోనూ ఇంచుమించు 21 గంటలే. మీ నిద్ర ఎక్కడ తెగుతుందన్నదే మారుతుంది.

సింగపూర్ దారిలో సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఆస్ట్రేలియా సంస్థ క్వాంటస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ మూడూ ఉన్నాయి. క్వాంటస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌ల్లో ఒకే ఫ్లైట్ నంబరుతో లండన్–సింగపూర్–సిడ్నీ విమానం ఉంటుంది. సింగపూర్‌లో దిగి, నడుం సాగదీసుకుని, సెక్యూరిటీ చెక్ చేయించుకుని మళ్లీ ఎక్కడమే. అందరూ దిగి ఎక్కేది ఆ ఫ్లైటే కాబట్టి లండన్‌లో ఆలస్యమైనా సింగపూర్‌లో కనెక్షన్ తప్పిపోతుందన్న టెన్షన్ ఉండదు. మొత్తం ప్రయాణం 22 నుంచి 24 గంటల్లో అయిపోతుంది. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తున్నా, ఇంగ్లిష్ బోర్డులు చదువుకుంటూ గేటు వెతుక్కోవడం కష్టమైనా నేను మొదట చెప్పేది ఈ రకం టికెట్టే. ధర కాస్త ఎక్కువైనా సరే.

దుబాయ్, దోహా దారులకు ఉన్న బలం విమానాల సంఖ్య. రోజుకు చాలా ఫ్లైట్లు ఉంటాయి. ఒకటి తప్పినా కొన్ని గంటల్లో ఇంకొకటి దొరుకుతుంది. లండన్ మాత్రమే కాదు, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ నుంచి కూడా నేరుగా దుబాయ్ చేరొచ్చు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఉండేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. లగేజీ ఈడ్చుకుంటూ హీత్రో దాకా వెళ్లడానికే నాలుగైదు గంటలు పోతాయి మరి. ఎమిరేట్స్ ఈ రూట్లో ఎక్కువగా ఎ380 నడుపుతుంది. ఎకానమీలో సీటు వెడల్పు ముఖ్యం అనుకునేవాళ్లకు అది బోయింగ్ 787 కంటే నయం. అదే సంస్థ 777 విమానమైతే వరుసకు పది సీట్లు, మోచేతులు తగులుతూ ఉంటాయి. అందుకే టికెట్ మీద విమానం పేరు కూడా చూడాలి.

బలహీనత ఏమిటంటే ఆ ప్రాంతపు గగనతలం. 2025 జూన్ 23న ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసినప్పుడు దోహా మీద గగనతలం మూతపడింది, ఎన్నో విమానాలు గాల్లోంచే దారి మళ్లాయి. అలాంటివి రోజూ జరగవు. జరిగిన రోజు మాత్రం మొత్తం నెట్‌వర్కే చిక్కుపడుతుంది. పెళ్లికో పరీక్షకో ఫలానా రోజుకు చేరి తీరాలంటే, ప్రయాణానికి ముందు వారం వార్తలు చూసుకోవడం మంచిది. అప్పటికి టికెట్ మార్చుకునే వీలున్న ఫేర్ కొన్నవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

పెర్త్ సంగతి వేరు. 2018 మార్చిలో క్వాంటస్ లండన్–పెర్త్ నాన్‌స్టాప్ మొదలు పెట్టినప్పుడు ఐరోపా, ఆస్ట్రేలియాలను ఒకే ఎగురుడులో కలిపిన మొదటి రెగ్యులర్ సర్వీసు అదే. దూరం సుమారు 14,500 కిలోమీటర్లు. బోయింగ్ 787-9 విమానంలో 236 సీట్లే వేశారు. బరువు తగ్గితే గానీ ఇంధనం అంత దూరం రాదు కదా. పెర్త్‌లోనే ఉండేవాళ్లకు ఇది వరం. సిడ్నీ వెళ్లేవాళ్లకు అంత వరమేమీ కాదని నా అభిప్రాయం. పదిహేడు గంటలు కూర్చుని దిగాక ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అన్నీ పెర్త్‌లోనే అవుతాయి. ఆస్ట్రేలియాలో మొదట ఎక్కడ అడుగుపెడితే అక్కడే ఆ తతంగం. వాళ్ల బయోసెక్యూరిటీ, అంటే చీడపీడలు దేశంలోకి రాకుండా చేసే తనిఖీ, చాలా కఠినం. తినేదీ, మొక్కల నుంచి వచ్చేదీ, చెక్కతో చేసిందీ ఏదున్నా దిగేముందు నింపే ప్రయాణికుల కార్డు మీద రాయాలి. రాయకపోతే జరిమానా పడుతుంది. ఇదంతా అయ్యాక అలసిపోయి ఇంకో నాలుగు గంటల విమానం ఎక్కాలి. ఇమ్మిగ్రేషన్ లైను పొడుగ్గా ఉంటే రెండో విమానం మీద బెంగ కూడా తోడవుతుంది. 

పెర్త్ దారిలో ఉన్న ఒకే గొప్ప సుఖం, నిద్ర మధ్యలో ఎవరూ లేపరు. విమానంలో బాగా నిద్ర పట్టేవాళ్లకు అది చిన్న విషయం కాదు. 787లో క్యాబిన్ గాలి ఒత్తిడి ఆరు వేల అడుగుల ఎత్తులో ఉండేంత ఉంటుంది. పాత తరం విమానాల్లో అది ఎనిమిది వేల అడుగుల దాకా పోతుంది. తలనొప్పి, గొంతు ఎండిపోవడం ఎక్కువగా ఉండేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. ఎయిర్‌బస్ ఎ350లో కూడా ఆరు వేల అడుగుల లెక్కే.

ఇక లాస్ ఏంజెలెస్. పడమర నుంచి తిరిగి వెళ్లే ఈ దారి సుమారు 20,800 కిలోమీటర్లు. గాల్లోనే 26 గంటలు. పైగా అమెరికాలో ట్రాన్సిట్ లాంజ్‌లో కూర్చుని వెళ్లిపోయే వెసులుబాటు లేదు. అక్కడ విమానం మారినా సరే దేశంలోకి ప్రవేశించినట్టే, పాస్‌పోర్టును బట్టి ఎస్టా అనే ఆన్‌లైన్ అనుమతో వీసానో ఉండి తీరాలి. కొన్నిసార్లు ఆశ్చర్యపోయేంత చవగ్గా కనిపిస్తుంది. అమెరికాలో నాలుగు రోజులు ఆగే పని ఉంటే తప్ప దాని జోలికి పోవద్దు.

టైమింగ్ గురించి ఇంకా చాలా చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పు చేసేది ఇక్కడే. సిడ్నీ లండన్ కంటే ఎప్పుడూ ముందుంటుంది, కానీ ఎంత ముందన్నది నెలను బట్టి మారుతుంది. జూన్, జులైల్లో తొమ్మిది గంటలు, డిసెంబరు, జనవరిల్లో పదకొండు. రెండుచోట్లా వేసవిలో గడియారాన్ని గంట ముందుకి తిప్పుకుంటారు, కానీ బ్రిటన్‌లో వేసవి నడిచేప్పుడు సిడ్నీలో చలికాలం, అందుకే బ్రిటన్‌లో వెనక్కి తిప్పుకుంటే సిడ్నీలో ముందుకి తిప్పుకుంటారు. మార్చి ఆఖరులో ఓ వారం, అక్టోబరులో కొన్ని వారాలు పది గంటల తేడా ఉంటుంది. టికెట్ మీద రాసే టైములన్నీ ఆయా ఊళ్ల టైములే కాబట్టి, డిసెంబరులో సోమవారం రాత్రి 9:30కి లండన్‌లో ఎక్కి ఇరవై రెండున్నర గంటలు ప్రయాణిస్తే దిగేది బుధవారం పొద్దున ఏడింటికి. మంగళవారం ఏమైందని నాకు తెలిసినాయన నిజంగానే అడిగారు. హోటల్ మంగళవారానికి బుక్ చేసుకుని డబ్బులు పోగొట్టుకున్నారు మరి.

ఇంకో సంగతి. సిడ్నీ కింగ్స్‌ఫర్డ్ స్మిత్ విమానాశ్రయంలో రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా కర్ఫ్యూ ఉంటుంది. అతి కొద్ది మినహాయింపులు తప్ప ఆ వేళల్లో విమానాలు దిగవు, ఎగరవు. 1995లో దీనికి ప్రత్యేకంగా చట్టమే చేశారు. అందుకని రాత్రి పదికి సిడ్నీలో దిగే టికెట్ కొంటే మధ్యలో రెండు గంటల ఆలస్యం చాలు, మొత్తం ప్లాన్ తలకిందులవుతుంది. విమానాన్ని వేరే ఊరికి మళ్లించొచ్చు, లేదా మధ్య ఊరిలోనే ఆపేయొచ్చు. సాయంత్రం ఐదారింటికి దిగేది తీసుకుంటే ఆ గండం ఉండదు.

నిజానికి సాయంత్రం దిగడమే నాకు అన్నిటికంటే నచ్చిన పద్ధతి. పొద్దున ఆరింటికి దిగితే రోజంతా కళ్లు మూసుకుపోతూ తిరగాలి, హోటల్ గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. లండన్‌లో వేసవిలో పొద్దున పదింటికి బయలుదేరే విమానం ఎక్కితే మర్నాడు తెల్లవారి ఆరింటికి సింగపూర్‌లో దిగుతారు. రెండు గంటల తర్వాత ఇంకో విమానం ఎక్కితే సిడ్నీలో సాయంత్రం ఆరు. భోజనం చేసి పడుకోవడమే. ఒళ్లు అలసిపోయి ఉంటుంది కాబట్టి మొదటి రాత్రి నిద్ర దానంతటదే వస్తుంది. తూర్పు దిక్కుకు పోయేటప్పుడు జెట్‌లాగ్ ఎక్కువ బాధిస్తుంది. ఒళ్లు సర్దుకోవడానికి గంట తేడాకు ఇంచుమించు ఒక రోజు చొప్పున పడుతుంది. మొదటి రాత్రి నిద్ర పడితే సగం పని అయినట్టే. పొద్దున బయలుదేరే విమానాలు తక్కువ, అందుకే వెతుక్కోవాలి.

లేఓవర్, అంటే విమానం మారేచోట ఆగే సమయం, ఎంత ఉండాలి? రెండు నుంచి నాలుగు గంటలు. గంట, గంటం బావు కనెక్షన్లు విమానసంస్థ అమ్ముతుంది గానీ, అది అంతా సవ్యంగా జరిగితేనే సరిపోయే లెక్క. మనిషి అందుకున్నా చెకిన్ లగేజీ అందుకోకపోవచ్చు. ఆరేడు గంటలైతే ఎటూ కాకుండా పోతుంది, ఊళ్లోకి వెళ్లడానికి చాలదు, కూర్చోవడానికి ఎక్కువ. దానికంటే ఒక రాత్రి ఆగిపోవడం నయం. అప్పుడు ఆ దేశం వీసా సంగతి ముందే చూసుకోవాలి. చిన్నపిల్లలున్నవాళ్లకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో ఒక రాత్రి పడుకుని వెళ్లడం నిజంగా వేరే ప్రయాణంలా ఉంటుంది.

ఏ దారైనా సరే, మొత్తం ఒకే బుకింగ్ మీద ఉండాలి. ఈ పాఠం నేను డబ్బు పెట్టి నేర్చుకున్నాను. ఒకసారి నూటనలభై పౌండ్లు మిగులుతాయని రెండు ముక్కలకు రెండు వేర్వేరు టికెట్లు కొన్నాను. మొదటి విమానం మూడు గంటలు లేటు. రెండో సంస్థ వాళ్ల లెక్కలో నేను రాని ప్రయాణికుణ్ణి, అంతే. అప్పటికప్పుడు కొత్త టికెట్ కొంటే మిగిల్చినదానికి నాలుగింతలు పోయింది. ఒకే బుకింగ్ అయి ఉంటే తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్లదే. పైగా బ్రిటన్ నుంచి బయలుదేరే ప్రయాణానికి అక్కడి చట్టం రక్షణ ఉంది. విమానసంస్థ తప్పు వల్ల ఇంత దూరపు గమ్యానికి నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరితే 520 పౌండ్ల పరిహారం అడగొచ్చు. వాతావరణం, గగనతలం మూసివేత లాంటివైతే పరిహారం రాదు గానీ భోజనం, బస ఇవ్వాల్సిందే.

ధర పోల్చేటప్పుడు ఒక చిన్న చిక్కు. బ్రిటన్ నుంచి బయలుదేరే దాదాపు ప్రతి టికెట్ మీద ఎయిర్ ప్యాసింజర్ డ్యూటీ అనే పన్ను పడుతుంది. ఎకానమీకీ బిజినెస్ క్లాసుకీ మధ్య ఉండే ప్రీమియం ఎకానమీకి అది మామూలు ఎకానమీకి రెట్టింపు పైనే. కాబట్టి ప్రీమియం ఎకానమీ కావాలనుకునేవాళ్లు సిడ్నీ నుంచి తిరిగొచ్చే ప్రయాణానికి కొనుక్కుంటే ఆ అదనపు పన్ను తప్పుతుంది. వెళ్లేటప్పుడు ఎకానమీ, వచ్చేటప్పుడు ప్రీమియం అన్నమాట.

వచ్చేటప్పుడే అది ఎక్కువ అవసరం కూడా. ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది. సిడ్నీకి వెళ్లేటప్పుడు ఆ గాలి వెనక నుంచి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు ఎదురు నిలుస్తుంది. సింగపూర్ నుంచి లండన్‌కి 14 గంటలు దాకా పడుతుంది, మొత్తం 24 గంటల పైమాటే. 2024లో ఇరాన్ గగనతలం తప్పించుకోవాల్సి వచ్చినప్పుడు పెర్త్ నుంచి లండన్ వచ్చే క్వాంటస్ విమానం ఇంధనం కోసం సింగపూర్‌లో ఆగింది. లండన్ నుంచి పెర్త్ వెళ్లేది మాత్రం ఆగకుండానే వెళ్లింది. ఒకే దారి, ఒకే విమానం, గాలి ఒక్కటే తేడా. కాబట్టి రాను, పోను ఒకే దారిలో టికెట్ కొనాలని లేదు. ఒకే సంస్థ లేదా భాగస్వామ్య సంస్థల్లో వెళ్లేటప్పుడు ఒకచోట, వచ్చేటప్పుడు ఇంకోచోట ఆగేలా తీసుకోవచ్చు.

ఇక ఆగకుండా వెళ్లే విమానం కోసం ఎదురుచూడాలా? 1947లో క్వాంటస్ ఈ దారిలో మొదటి సర్వీసు నడిపినప్పుడు డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీల్లో ఆగుతూ నాలుగు రోజులు పట్టింది. 1989లో కొత్త బోయింగ్ 747-400ని టికెట్లు అమ్మకుండా తేలిగ్గా ఎగరేసి 20 గంటల 9 నిమిషాల్లో సిడ్నీ చేర్చారు. 2019 నవంబరులో 787తో పరిశోధన కోసం అదే చేస్తే 19 గంటల 19 నిమిషాలు పట్టింది. ఇప్పుడు అదనపు ఇంధన ట్యాంకుతో ఎ350-1000 విమానాలు పన్నెండు ఆర్డరిచ్చి, 238 సీట్లతో 2027లో మొదలు పెడతామని క్వాంటస్ ప్రకటించింది. ఆగే దారితో పోలిస్తే మూడు, నాలుగు గంటలు మిగులుతుంది. బిజినెస్ క్లాసులో కాళ్లు చాపుకుని పడుకునేవాళ్లకు బాగుంటుందేమో. ఎకానమీలో ఇరవై గంటలు ఒకే సీట్లో, గంటకోసారి లేచి నడవకపోతే కాళ్లు వాచే వయసులో, ఆ మూడు గంటల కోసం నేనైతే ఎక్కువ డబ్బు ఇవ్వను. సింగపూర్‌లో దిగి నడుస్తాను.